ఫ్లోరెన్స్ నుంచి వెనిస్ వెళ్తూ దారిలో ఎక్కడ దిగాలి? బొలోన్యానా, పాదువానా?

నమస్తే అండీ. అక్టోబరులో అమ్మను తీసుకుని ఇటలీ వెళ్తున్నాం. ఫ్లోరెన్స్‌లో పొద్దున్నే గది ఖాళీ చేయాలి, వెనిస్‌లో మూడు దాటాక గానీ ఇవ్వరట. ఎలాగూ రైలు దారే కదా, మధ్యలో ఓ ఊళ్లో దిగి ఐదారు గంటలు తిరుగుదామని ఆలోచన.

నా మనసంతా బొలోన్యా మీదే. హైస్పీడ్ రైల్లో 40 నిమిషాల దూరం. వీధుల వెంట పైకప్పున్న వసారాలు కిలోమీటర్ల కొద్దీ ఉన్నాయి, 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. వాన పడ్డా అమ్మ తడవకుండా నడవొచ్చు. చిక్కల్లా తిండితోనే. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. అక్కడేమో తాజా పాస్తా పిండిలోనే గుడ్డు కలుపుతారు, తోర్తెల్లీని అనే చిన్న పాస్తా ముడుపుల్లో మాంసం కూరుతారు!

మా ఆయన పాదువా అంటున్నారు. జొత్తో అనే పాతకాలపు చిత్రకారుడి కుడ్యచిత్రాలున్న స్క్రోవెన్యి చాపెల్ (చిన్న చర్చి) స్టేషన్ నుంచి నడిచే దూరమే, వెనిస్ అక్కణ్ణించి అరగంట. కానీ చాపెల్‌కి ముందే టైం బుక్ చేసుకోవాలి, రైలు లేటైతే ఎలా అని నా టెన్షన్. పైగా లోపల ఉండనిచ్చేది పావుగంటే.

రెండు పెద్ద సూట్‌కేసులు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. బొలోన్యాలో హైస్పీడ్ ప్లాట్‌ఫాంలు భూమికి బాగా లోపల కదా, లిఫ్టులు సులువుగా దొరుకుతాయా? రెండు స్టేషన్లలోనూ సామాను పెట్టుకునే చోటు చేతికందేలా ఉందా? పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు మీరైతే ఎక్కడ దిగేవారో చెప్పండి, ప్లీజ్. రైలు టికెట్లు ఈ వారంలోనే తీసుకోవాలి.