రోజంతా ఆయా దగ్గరుంటే పిల్లలు మనకు దూరమవుతారా?

ఇద్దరు పిల్లల అమ్మ:
మాకు మూడేళ్ల పాప, పది నెలల బాబు. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్లేవాళ్లమే. పొద్దున్నుంచి రాత్రి ఏడింటిదాకా ఇంట్లో ఉండే ఆయాను పెట్టుకుందామని నేనంటున్నాను. డే కేర్ అయితే నలుగురి కళ్ల ముందు ఉంటారని మావారు అంటున్నారు. కానీ నా అసలు భయం వేరు. బాబు ఆమెనే అమ్మ అనుకుంటాడేమో అని. అనుభవం ఉన్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

బాబు వాళ్ల నాన్న:
మీవారి మాటే నా మాట. మేం ఆయాను పెట్టుకున్న ఏడాదిలో ముగ్గురు మారారు. మూడో ఆమె వచ్చేసరికి మావాడు కొత్త మనిషి ఎత్తుకుంటే చాలు, ఒళ్లంతా బిర్రబిగించేవాడు. ఆమెకు జ్వరం వస్తే ఆ రోజు మాలో ఒకరికి సెలవే. డే కేర్‌లో ఒకరు రాకపోతే ఇంకొకరు ఉంటారు, తప్పు జరిగితే చూసేవాళ్లూ ఉంటారు. తలుపులు మూసిన ఇంట్లో మాట రాని బిడ్డను ఒక్క మనిషి చేతిలో పెట్టడం నాకు ఇప్పటికీ ఒప్పుకోబుద్ధి కాదు.

పాపాయి అమ్మ:
మీ భయం నాకు తెలుసండీ. మా పాపకు ఏడాదిన్నర ఉన్నప్పుడు ఒక సాయంత్రం గడప తగిలి పడింది. నేను చేతులు చాచాను. నన్ను దాటుకుని వెళ్లి ఆయా ఒళ్లో మొహం దాచుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉద్యోగం మానేద్దామనే అనుకున్నాను.

తర్వాత దీని గురించి చదివాను. అమెరికాలో 1991లో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టి, వెయ్యి మందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి గమనించారు. వేరేవాళ్ల సంరక్షణలో ఉన్నంత మాత్రాన తల్లితో అనుబంధం దెబ్బతినదని తేలింది. బిడ్డ ఏడుపును, సైగను తల్లి ఎంత పట్టించుకుంటుందన్నదే ముఖ్యం. తల్లి పట్టించుకోవడం తక్కువై, దానికి తోడు చూసుకునేవాళ్లు మారుతున్నా, సంరక్షణ బాగా లేకపోయినా అప్పుడే ఇబ్బంది. పైన నాన్నగారు చెప్పిన ముగ్గురు ఆయాల సంగతి అందుకే నాకు ముఖ్యం అనిపించింది. ఒక మనిషికి అలవాటు పడటం కంటే అలవాటైన మనిషి మాయమైపోవడమే బిడ్డకు కష్టం.

మీ బాబు వయసులో కొత్తవాళ్లను చూసి ఏడవడం మామూలే. అందుకే మీరు ఆఫీసుకు వెళ్లే మొదటి రోజునే అప్పగించకండి. కనీసం రెండు వారాలు మీరు ఇంట్లో ఉండగా ఆమెను రమ్మనండి. వెళ్లేటప్పుడు దొంగచాటుగా జారుకోకండి. ఏడ్చినా సరే, టాటా చెప్పి వెళ్లండి. నేను రాత్రి స్నానం, నిద్రపుచ్చడం ఎవరికీ ఇవ్వలేదు. మా పాపకు ఇప్పుడు ఆరేళ్లు. ఆయమ్మ మానేసినా ఫోన్ చేసి మాట్లాడుతుంది. అది నాకేమీ తక్కువ అనిపించడం లేదు.

ఆయా పని చేసే మనిషి:
పన్నెండేళ్లుగా పిల్లల్ని చూసుకుంటున్నాను. నేను చెబుతుంటే మా అమ్మాయి టైప్ చేస్తోంది. అందరూ మమ్మల్ని నమ్మొచ్చా లేదా అనే అడుగుతారు. మేం ఎందుకు మానేస్తామో అడగరు. చేరేటప్పుడు "పిల్లల్ని చూసుకుంటే చాలు" అంటారు. నెల తిరిగేసరికి గిన్నెలు, బట్టలు, ఇల్లు తుడవడం అన్నీ వచ్చి చేరతాయి. ఒక ఇంట్లో బాబుకు టబ్బులో స్నానం చేయిస్తుంటే, ఎవరో వచ్చారు తలుపు తీయమని లోపలి నుంచి కేకేశారు. జానెడు నీళ్లు కూడా అక్కర్లేదమ్మా, పసిబిడ్డ మునగడానికి. నేను కదల్లేదు. మాట వినలేదని కోప్పడ్డారు.

పాప నాకు బాగా దగ్గరైందని నన్ను మాన్పించిన ఇల్లూ ఉంది. ఆఖరి రోజు ఆ పిల్ల నా చెప్పులు మంచం కింద దాచేసింది. ఆ చెప్పులు వెతుక్కోవడం నేను మర్చిపోలేను. కన్నతల్లి చోటు మాకెందుకమ్మా? మా పిల్లలు మాకున్నారు.

పాపాయి అమ్మ:
అమ్మా, మీరు చెప్పినవి పెట్టుకునేవాళ్లం ముందే కాగితం మీద రాసుకోవాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటిపని చేసేవాళ్ల కోసం తెచ్చిన 189వ ఒప్పందం కూడా ఇదే చెబుతుంది. ఏ పని, ఎన్ని గంటలు, ఎంత జీతం అన్నది స్పష్టంగా తెలియజెప్పాలి. వారానికి కనీసం 24 గంటలు వరసగా విశ్రాంతి ఇవ్వాలి. కెమెరా పెడితే ఆమెకు చెప్పే పెట్టాలని నా అభిప్రాయం.

బాబు వాళ్ల నాన్న:
ఆయమ్మ మాటలు చదివాక మా ఇంట్లో ముగ్గురూ ఎందుకు మానేశారో కొంత అర్థమైంది. వంట కూడా చేయించాం. అది మా తప్పే. అయినా డే కేర్ విషయంలో నా మాట మార్చుకోను. ఆమె రాని రోజు పిల్లల్ని ఎవరు చూస్తారో తేల్చుకోకుండా మాత్రం దిగకండి.

ఇద్దరు పిల్లల అమ్మ:
ఆ రోజులను మేమిద్దరం చెరి సగం పంచుకుంటామని మావారు ఒప్పుకున్నారు. పాపను పూట డే కేర్‌కు పంపి, బాబును ఆయాకు అప్పగిద్దామనుకుంటున్నాం. పని కాగితం ఈ రాత్రి రాస్తాం. అందులో గిన్నెలు, బట్టలు ఉండవు.