షుగర్ పేషెంట్లను చూడటానికి ఏ ట్రైనింగ్ చేయాలి? నర్సింగ్ చదివినవాళ్లకు పనికొచ్చేది చెప్పండి

పల్లె దవాఖానా సిస్టర్

అందరికీ నమస్తే. బీఎస్సీ నర్సింగ్ చేసి, రెండేళ్లుగా పల్లె దవాఖానాలో ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పనిచేస్తున్నాను. మా కింద నాలుగు ఊళ్లు. 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్ చూడటం, ఫారాలు నింపడం, యాప్‌లో ఎక్కించడం, నెలనెలా మందులివ్వడం, ఇదే పని. షుగర్ ఉన్నవాళ్లే వంద మందికి పైన ఉన్నారు.

మాకు ట్రైనింగ్ ఇచ్చారు, ఇవ్వలేదని అనను. రెండు రోజులు స్లైడ్లు వేశారు, మధ్యాహ్నం భోజనం పెట్టారు, సాయంత్రం సంతకం పెట్టించుకుని పంపించారు. పరగడుపున 126, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.5, లేదా అంతకన్నా ఎక్కువుంటే షుగర్ అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి "అమ్మా, మందు మింగుతూనే ఉన్నా కదా, ఎందుకు తగ్గట్లేదు" అంటే నోట మాట రావట్లేదు.

ఇప్పుడు ఒకాయన ఉన్నారు, 62 ఏళ్లు, రైతు. పెద్ద దవాఖానాలో మిక్స్‌డ్ ఇన్సులిన్ (త్వరగా పనిచేసేది, నెమ్మదిగా పనిచేసేది కలిపినది) రాశారు, పొద్దున 16 యూనిట్లు, రాత్రి 8. మూడు నెలలైనా 300 కిందకి రాలేదు. పోయిన నెల పొద్దున 24, రాత్రి 12 చేశారు. అయినా నిన్న చూస్తే 318. తిండి దగ్గర జాగ్రత్తగానే ఉన్నారు, వాళ్లావిడ ఒట్టేసి మరీ చెప్తోంది. నాకు టెన్షన్‌గా ఉంది.

ఆన్‌లైన్‌లో చూస్తే కోర్సులు బోలెడు, ఫీజులు చూస్తే నా జీతం గుర్తొస్తోంది. నర్సులకు నిజంగా పనికొచ్చేది ఏది?

పీహెచ్‌సీ డాక్టర్

సిస్టర్, ముందు కోర్సుల సంగతి చెప్తాను. డాక్టర్లకు ఉన్నవి, మీకు ఉన్నవి వేరు. ఎంబీబీఎస్ వాళ్లకు బాగా తెలిసింది సీసీఈబీడీఎం, అంటే పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్, చెన్నైలోని డాక్టర్ మోహన్స్ వాళ్ల విద్యాసంస్థ కలిసి 2010లో మొదలుపెట్టిన సర్టిఫికెట్ కోర్సు. నెలకో ఆదివారం క్లాసు, ఏడాది పాటు. నేను చేశాను, ఉద్యోగం చేసుకుంటూ చేసుకోవచ్చు, మా బ్యాచ్‌లో నాకన్నా ఇరవై ఏళ్లు సీనియర్లు కూడా కూర్చున్నారు. దానికి మీరు అర్హులు కారు. మీకు, డైటీషియన్లకు సరిపోయేవి డయాబెటిస్ ఎడ్యుకేటర్ కోర్సులు, అంటే పేషెంట్లకు షుగర్ గురించి నేర్పేవాళ్ల కోర్సులు. అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ వాళ్ల ఆన్‌లైన్ స్కూల్ కూడా ఉంది, అందులో చిన్న కోర్సులు ఉచితంగా దొరుకుతాయి, పెద్దవాటికి డబ్బు కట్టాలి. ముందు ఉచితంగా ఉన్నవి చేసి చూడండి. ఇంగ్లీషులో ఉంటాయి, కానీ మీరు నర్సింగ్ చదివిందీ ఇంగ్లీషులోనే కదా.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈ సర్టిఫికెట్లు ఏవీ డిగ్రీలు కావు. నాది కూడా. కొందరు ఏడాది ఆదివారాలు కూర్చుని బోర్డు మీద "షుగర్ స్పెషలిస్ట్" అని రాయించుకుంటున్నారు, అది వేరే కథ. మీ విషయంలో, ఇన్సులిన్ మొదలుపెట్టడం, మోతాదు మార్చడం మెడికల్ ఆఫీసర్ పని. రాసింది సరిగ్గా అందుతోందా లేదా చూడటం మీ పని, నిజం చెప్పాలంటే అక్కడే సగం కేసులు తేలిపోతాయి.

డబ్బు పెట్టే ముందు షుగర్, బీపీ లాంటి జబ్బుల కోసం ఉన్న మన జాతీయ కార్యక్రమంలో స్టాఫ్ నర్సులకు, మీకు విడిగా ఉన్న శిక్షణ మాడ్యూళ్లు ఒకసారి పూర్తిగా చదవండి. ట్రైనింగ్‌లో స్లైడ్లు పరుగులు పెట్టించారు కానీ, పుస్తకం బాగానే ఉంటుంది.

మందుల షాపు అన్న

కోర్సు సంగతి తర్వాత చూద్దాం సిస్టర్. ఆ పెద్దాయన వాడే సిరంజి మూత ఏ రంగో చూశారా? ఎరుపా, నారింజా?

పల్లె దవాఖానా సిస్టర్

చూడలేదన్నా. సిరంజి సిరంజే కదా అనుకున్నాను. ఎందుకు?

మందుల షాపు అన్న

అక్కడే ఉంది తిరకాసు. మన దగ్గర సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా 40 రకం, అంటే ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్‌లు, కొన్ని ఖరీదైన సీసాలు 100 రకం, ఆ సీసాలకు నారింజ మూత సిరంజి. 40 సీసాలోంచి నారింజ సిరంజితో లాగితే గీత 24 దగ్గర ఉన్నా లోపల ఉన్నది 0.24 ఎంఎల్. 40తో గుణించండి, పది యూనిట్లు కూడా లేదు. రాత్రి 12 గీత అంటే ఐదు లోపే. డాక్టర్ పెంచుతూ పోతారు, షుగర్ దిగదు, అందరూ కలిసి ఆ మనిషి దొంగచాటుగా తింటున్నాడంటారు.

తిరగేస్తే ఇంకా ప్రమాదం. 100 సీసాలోంచి ఎర్ర సిరంజితో 20 గీత వరకు లాగితే 50 యూనిట్లు ఒంట్లోకి పోతాయి. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, "ఇన్సులిన్ సిరంజి ఇవ్వన్నా" అంటే చేతికి దొరికింది ఇచ్చే షాపులు చాలా ఉన్నాయి. నేనూ కొత్తలో ఇచ్చి ఉంటాను.

ఇంకో లెక్క చెప్తా, ఇంటికి వెళ్లకుండానే తెలిసిపోతుంది. సీసాలో 10 ఎంఎల్, అంటే 400 యూనిట్లు. రోజుకు 36 వాడితే 11 రోజులకు అయిపోవాలి. సీసా ఎన్నాళ్లొస్తోందో అడగండి. నెల వస్తోందంటే మోసం అక్కడే.

పల్లె దవాఖానా సిస్టర్

అన్నా, ఇప్పుడే ఫోన్ చేశాను. నారింజ మూత. సీసా "నాలుగు వారాలు వస్తది, నేను పొదుపుగా వాడుతున్నా" అని గర్వంగా చెప్పారు పెద్దాయన. ఏడవాలో నవ్వాలో తెలియట్లేదు. సబ్‌సెంటర్‌లో ఎర్రవి ఉన్నాయి, రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను.

పీహెచ్‌సీ డాక్టర్

ఆగండి, ఆగండి! ఎర్ర సిరంజి ఇచ్చి కాగితంలో ఉన్న 24, 12 అలాగే వేసుకోమని చెప్పొద్దు. ఇన్నాళ్లూ ఆయనకు అందింది రోజుకు పద్నాలుగు, పదిహేను యూనిట్లే. రేపు ఒక్కసారిగా 36 పడితే, మధ్యాహ్నం పొలంలో షుగర్ పడిపోయి గట్టు మీద పడిపోతారు. 62 ఏళ్ల మనిషి, ఒంటరిగా ఉంటే చూసేవాళ్లు కూడా ఉండరు. ముందు మీ మెడికల్ ఆఫీసర్‌కు ఫోన్ చేసి సంగతంతా చెప్పండి, ఆయన కొత్త మోతాదు రాసి ఇస్తారు, మళ్లీ తక్కువ నుంచి మొదలుపెట్టి రోజూ పరగడుపు, రాత్రి భోజనం ముందు షుగర్ చూసుకుంటూ పెంచుతారు. కాగితం చేతికొచ్చాకే ఎర్ర సిరంజి ఇవ్వండి.

షుగర్ పడిపోయినప్పుడు ఏం చేయాలో ఆయనకే కాదు, వాళ్లావిడకు కూడా నేర్పండి. చెమటలు, వణుకు, గుండె దడ, చిరాకు. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్, లేదంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంటకు మళ్లీ చూడాలి, షుగర్ ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

గుంటూరు స్టాఫ్ నర్స్

నేను పదేళ్లుగా షుగర్ ఓపీలో ఉన్నాను, ఎడ్యుకేటర్ కోర్సు కూడా చేశాను. కోర్సు వల్ల మాట్లాడే ధైర్యం వచ్చింది, అది అబద్ధం కాదు. కానీ చేతికి పని నేర్పింది మాత్రం మా పాత హెడ్ సిస్టర్. ఆవిడ పేషెంట్‌కు ఏమీ చెప్పేది కాదు. "నువ్వు ఇంట్లో ఎలా వేసుకుంటావో నాకు వేసి చూపించు నాయనా" అనేది. అంతే, అన్నీ బయటపడేవి. తెల్లగా మబ్బుగా ఉండే ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించకుండా అలాగే లాగేవాళ్లు, లేదా దగ్గు మందు సీసాలా ఊపేసేవాళ్లు. బొడ్డు పక్కన ఒకే చోట ఏడాదిగా పొడుచుకుని అక్కడ గడ్డలా కట్టించుకున్నవాళ్లు, పొడిస్తే నొప్పి ఉండదు కాబట్టి అదే చోటు వాళ్లకు ఇష్టం, కానీ అక్కడ వేసిన మందు సరిగ్గా ఒంటికి పట్టదు. కాబట్టి కళ్లతో చూడటం చాలదు, వేళ్లతో తడిమి చూడండి.

ఫ్రిజ్ లేదంటే కంగారు పడకండి. వాడుతున్న సీసా ఎండ తగలకుండా చల్లగా ఉంటే దాదాపు నాలుగు వారాలు ఉంటుంది. ఎండాకాలం మీ వైపు 44, 45 కొడుతుంది కాబట్టి, కొత్త మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో సీసాను కవర్లో చుట్టి పెట్టమనండి. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఇంకో తంటా, ఐస్ గదిలో పెట్టేస్తారు. గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే.

ఇక పాదాలు. మోనోఫిలమెంట్ (పాదంలో స్పర్శ ఉందో లేదో చూసే సన్నటి నైలాన్ పోగు) మీ దగ్గర ఉండదని తెలుసు, మా దగ్గరే ఒకటుంటే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మీ చూపుడు వేలు చాలు. పేషెంట్‌ను కళ్లు మూసుకోమని, రెండు కాళ్ల బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేళ్ల చివర్లు మెల్లగా ఒకటి రెండు క్షణాలు తాకండి, నొక్కొద్దు, గీకొద్దు. ఆరింట్లో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియలేదంటే స్పర్శ పోయినట్టే, డాక్టర్‌కు చూపించాలి. ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ అంటారు దీన్ని, ఇంగ్లండ్‌లో పుట్టింది. ఆశా అక్కలకు పది నిమిషాల్లో నేర్పొచ్చు. అలాంటివాళ్లకు ఎండలో గుడి చుట్టూ ఉత్త కాళ్లతో ప్రదక్షిణలు చేయొద్దని కచ్చితంగా చెప్పండి. మే నెల వస్తే బొబ్బలతో వచ్చేవాళ్లు మాకు మామూలే, కాలినట్టు తెలియదు వాళ్లకి.

లండన్ నర్స్ (మాది తణుకు)

ఇక్కడ డయాబెటిస్ స్పెషలిస్ట్ నర్స్‌గా చేస్తున్నాను. మా దగ్గర పేషెంట్‌కు ఏడాదికి ఎనిమిది చూడాలని లెక్క: హెచ్‌బీఏ1సీ, బీపీ, కొలెస్ట్రాల్, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ (ఈ రెండూ కిడ్నీల కోసం), పాదాలు, బరువు, పొగ అలవాటు. కంటి స్క్రీనింగ్ విడిగా. మీ రిజిస్టర్‌లో ఒక్కో పేషెంట్‌కు ఈ గడులు గీసుకోండి, యాప్ అడిగినా అడగకపోయినా. ఏ గడి ఎప్పుడూ ఖాళీగా ఉంటోందో చూస్తే, ఏం నేర్చుకోవాలో ఏ కోర్సూ చెప్పనంత బాగా తెలుస్తుంది. నాకు తెలిసి మన దగ్గర పాదాలు, కళ్లు ఖాళీ.

ఇంకొకటి, గ్లూకోమీటర్ మీద 318 వచ్చినప్పుడు చేతులు కడిగించారా? మామిడిపండు తిన్న వేలితో నేను 400 చూశాను.

పల్లె దవాఖానా సిస్టర్

కడిగించాను అక్కా, అది మాత్రం ట్రైనింగ్‌లో చెప్పారు :)

ఒక డౌట్. కార్తీకమాసం సోమవారాలు ఉపవాసం ఉండేవాళ్లు, శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు చాలామంది. మాత్రలు వేసుకుని తినరు, లేదంటే ఉపవాసమని మాత్రలూ మానేస్తారు. ఏం చెప్పాలి?

పీహెచ్‌సీ డాక్టర్

ఉపవాసం మానమంటే మీకు చెప్పడం మానేస్తారు, అంతే తేడా. ముందు ఏ మాత్రో చూడండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోయే భయం చాలా తక్కువ. గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ ఉంటే, లేదా ఇన్సులిన్ ఉంటే భయం. తినని పూట ఏది ఆపాలో, ఎంత తగ్గించాలో డాక్టర్‌తో ముందే రాయించి పెట్టుకోవాలి. రంజాన్‌కు ముందు నా ఓపీలో ఈ పని చేస్తాను, కార్తీకానికి ఎవరూ చేయరు, ఎందుకో తెలియదు. ముసలివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, ఈమధ్యే ఒకసారి షుగర్ పడిపోయినవాళ్లు అయితే వద్దని గట్టిగానే చెప్పండి.

పల్లె దవాఖానా సిస్టర్

పది రోజుల తర్వాత అప్‌డేట్. మా మెడికల్ ఆఫీసర్ మోతాదు తగ్గించి కొత్తగా రాసిచ్చారు, ఎర్ర సిరంజితో నా ముందే వేయించాను. మూడో రోజు నుంచి దిగడం మొదలైంది, ఈరోజు పరగడుపున 164. మోతాదు మెల్లగా పెంచుతున్నారు. మిగతా ఇన్సులిన్ పేషెంట్లు ఆరుగురినీ సిరంజిలతో సహా రమ్మన్నాను, ఇంకొకరి దగ్గర కూడా నారింజ మూతే దొరికింది. ఉచిత కోర్సు ఒకటి మొదలుపెట్టాను, రాత్రి పిల్లలు పడుకున్నాక.

మందుల షాపు అన్న

మంచి పని చేశారు సిస్టర్. ఆ ఇంట్లో మిగిలిన నారింజ సిరంజిలు కూడా తెప్పించేసుకోండి. ఎర్రవి అయిపోయిన రోజు మళ్లీ వాటినే తీస్తారు.