సమస్య: వెలుగు లేనట్టి చోటనే పెద్ద కనులు

నిర్వాహకుడు: తేటగీతి పద్యం. ఇచ్చింది చివరి పాదం, పై మూడూ మీరు పూరించాలి. చీకటి గుహల్లో చేపలకు ఉన్న కళ్లే పోతాయి గదా, మరి ఇదెలా అనిపించాలి. సముద్రం లోతులు దాటొద్దు. దీపమార్పిన గదిలో కొత్త పెళ్లికూతురి మీద పద్యాలు అసలే వద్దు, పోయినసారివి చాలు.

గవ్వలసంచి:
తిమి కదలినంత నణుజీవి తీవ మెరయ
నూట యిరువది మీటర్ల నుండి చూచు
స్క్విడ్డు దాగెడి పాతాళ సీమలోన
వెలుగు లేనట్టి చోటనే పెద్ద కనులు

భీమిలి కుర్రాడు: మూడో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరడం) భలే కుదిరిందండీ. కానీ నిఘంటువులో తిమి అంటే పెద్ద చేప, దాన్ని మింగేది తిమింగిలం. ఆక్టోపస్ చుట్టమైన స్క్విడ్‌ని వేటాడేది స్పెర్మ్ వేల్ అనే తిమింగిలం కదా?

గవ్వలసంచి: నిజమే. తిమింగిలాన్ని మూడు మాత్రల సూర్యగణంలో కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు!

నిర్వాహకుడు: తిమి చెల్లుతుంది లెండి. నాకు అడ్డొచ్చింది వేరు: వెలుగు లేని చోటంటూ మొదటి పాదంలోనే మెరిపించారు. వెలుగంటే ఎండ అని సర్దుకున్నాను, విషయం గట్టిది కాబట్టి. రాకాసి స్క్విడ్‌ది 27 సెంటీమీటర్ల కన్ను, అన్నం పళ్లెమంత! మీదికొస్తున్న తిమింగిలం ఒంటికి తగిలి మెరిసే నలుసుల్ని దూరం నుంచే పసిగట్టడానికే అంత కన్ను అని 2012లో స్వీడన్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ నూట ఇరవై వాళ్లదే.

భీమిలి కుర్రాడు: నాది కెమెరా కన్ను. 2004లో జపాన్ ఒగసవారా దీవుల దగ్గర, బతికున్న రాకాసి స్క్విడ్‌ని దాని లోతుల్లోనే శాస్త్రవేత్త కుబొదెరా వాళ్లు తొలిసారి ఫొటో తీసిన సంగతి.

ఎరను గట్టిన తీగతో నేగె కెమెర
తొమ్మిదొందల మీటర్ల తోయమందు
స్క్విడ్డు రాకను బట్టెను చిత్రముగను
వెలుగు లేనట్టి చోటనే పెద్ద కనులు

గవ్వలసంచి: 'చిత్రముగను' శ్లేష! బొమ్మగానూ, వింతగానూ. కెమెరా తోక కోశారేం?

భీమిలి కుర్రాడు: దీర్ఘం ఉంచితే గణం పోతోందండీ.

కొత్తకలం: మొదటిసారి రాస్తున్నా. ఒక్క పాదమే వచ్చింది: 'మూడు గుండెలు నీలాల నెత్తురంట'. సరిపోయిందా?

నిర్వాహకుడు: గణాలు సరే, యతి తప్పింది. 'మూ'కి 'నె' కుదరదు. 'నీలి నెత్తురు, గుండెలు నెగడు మూడు' అని తిప్పండి, నిలుస్తుంది. స్క్విడ్ రక్తంలో ఇనుముకు బదులు రాగి, ఆ నీలం అందుకే. ఇంకో రెండు పాదాలు రేపు పట్టుకురండి.