రైటర్‌లో 'పద్యం' స్టైల్‌కు సొంత షార్ట్‌కట్ కీ పెట్టుకోవడం ఎలా?

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని, హనుమకొండ

నమస్కారం. శతక సాహిత్యంపై నా సిద్ధాంత గ్రంథాన్ని లిబ్రేఆఫీస్ రైటర్‌లో టైపు చేసుకుంటున్నాను. ఉదాహరించే పద్యాల కోసం రెండు వైపులా ఖాళీ వదిలి, పాదాల మధ్య ఎడం తగ్గించి 'పద్యం' అనే పేరాగ్రాఫ్ స్టైల్ తయారు చేసుకున్నాను. అయితే ప్రతి పద్యానికీ ఎఫ్11 నొక్కి, పక్కన తెరుచుకున్న జాబితాలో ఆ పేరు వెతికి, దానిపై డబుల్ క్లిక్ చేయవలసి రావడంతో పని ముందుకు సాగడం లేదు. కంట్రోల్+1 నొక్కగానే మొదటి స్థాయి శీర్షిక వస్తున్నట్లే, ఈ స్టైల్‌కు కంట్రోల్+షిఫ్ట్+పి కేటాయించుకోవచ్చా? ఇంట్లోని ల్యాప్‌టాప్‌లో కూడా ఇదే ఏర్పాటు పనిచేయాలంటే ఏం చేయాలి?

సమాధానం: పుస్తకాల డీటీపీ చేసేవాణ్ణి, విజయవాడ

కేటాయించుకోవచ్చు. 'పద్యం' స్టైల్ ఉన్న ఫైలును తెరిచి ఉంచి, టూల్స్ మెనూలో కస్టమైజ్ ఎంచుకుని కీబోర్డ్ ట్యాబ్‌లోకి వెళ్లండి. అక్కడ లిబ్రేఆఫీస్, రైటర్ అని రెండు ఎంపికలు కనిపిస్తాయి. మొదటిది లెక్కల పట్టికల కాల్క్, స్లైడ్ల ఇంప్రెస్ సహా లిబ్రేఆఫీస్‌లోని అన్ని ప్రోగ్రాములకూ వర్తిస్తుంది కనుక, పేరాగ్రాఫ్ స్టైల్ విషయంలో రైటర్‌నే ఎంచుకోవడం సబబు. కింద వర్గాల జాబితాను చివరి వరకూ జరిపితే స్టైల్స్ అనే పద్దు వస్తుంది. దాన్ని విప్పి పేరాగ్రాఫ్ దగ్గర ఆగితే, పక్క గడిలో మీ 'పద్యం' పేరు కనబడుతుంది. ఇక పై జాబితాలో కావలసిన కీని ఎంచుకుని అసైన్ నొక్కడమే. పాత వెర్షన్లలో ఈ బటన్ పేరు మాడిఫై.

అసైన్ నొక్కే ముందు మాత్రం ఆ కీ ఎదురుగా ఇప్పటికే ఏ పని రాసి ఉందో చూడండి. కంట్రోల్+షిఫ్ట్+పి రైటర్‌లో సూపర్‌స్క్రిప్ట్‌కు, అంటే అక్షరాన్ని చిన్నదిగా చేసి వరుసకు పైన నిలపడానికి ఉన్న కీ. అధస్సూచికల అంకెలను రైటర్ తనంతట తానే పైకి నిలుపుతుంది కనుక, సాహిత్య పరిశోధనలో ఆ కీ పోయినా పెద్ద నష్టం ఉండదని నా అభిప్రాయం. గణితమో రసాయన శాస్త్రమో టైపు చేసేవారికి ఈ సలహా ఇవ్వను. జాబితాలో మసకగా కనిపించే కీలు కేటాయింపునకు దొరకవు.

ఇంటి ల్యాప్‌టాప్ సంగతికి వస్తే, అదే ట్యాబ్‌లోని సేవ్ బటన్ మీ కీల అమరికను ఒక ఫైలుగా భద్రపరుస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి అక్కడ లోడ్ చేయండి. లోడ్ చేసినప్పుడు అక్కడి పాత అమరిక స్థానంలో ఇది వస్తుంది, రెండూ కలిసిపోవు. కీ ఉన్నంత మాత్రాన సరిపోదు, తెరిచిన ఫైలులో ఆ స్టైల్ కూడా ఉండాలి. అధ్యాయానికొక ఫైలు పెట్టుకునేవారైతే, 'పద్యం' స్టైల్‌ను టెంప్లేట్‌గా దాచుకుని, కొత్త అధ్యాయాలన్నీ దాని నుంచే మొదలుపెట్టడం మేలు.

సమాధానం: అనువాదకుడు, హైదరాబాద్

పై సమాధానంతో ఏకీభవిస్తూ ఒక్క మాట చేరుస్తాను. కంట్రోల్+ఆల్ట్‌తో మొదలయ్యే కీల జోలికి పోకండి. విండోస్‌లో కుడివైపు ఆల్ట్‌ను ఆల్ట్‌జీఆర్‌గా, అంటే అదనపు అక్షరాలు టైపు చేసే కీగా వాడే కీబోర్డ్ అమరికల్లో ఆ కీ, కంట్రోల్+ఆల్ట్ ఒకటే అవుతాయి కాబట్టి, అక్షరం టైపు చేయబోతే స్టైల్ మారిపోయే ప్రమాదం ఉంది.

స్టైళ్లకే కాదు, మాక్రోలకూ, అంటే ఒకసారి రికార్డు చేసి మళ్లీ మళ్లీ నడిపించుకునే పనులకూ ఇదే పద్ధతిలో కీ ఇవ్వవచ్చు. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలో ట కింద వ ఒత్తుగా చేరకుండా ఆపే అదృశ్య అక్షరానికి యూనికోడ్‌లో 200సి అనే సంకేతం ఉంది. ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్ విభాగంలో మాక్రో రికార్డింగ్‌ను అనుమతించి, స్పెషల్ క్యారెక్టర్ పెట్టెలో ఆ సంకేతం ఇచ్చి చొప్పించడాన్ని రికార్డు చేసుకుంటే, తర్వాత ఒక్క కీతో సరిపోతుంది.

ప్రశ్నించినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. స్టైల్ కీ వెంటనే పనిచేసింది. మా పర్యవేక్షకులు ఎంఎస్ వర్డ్ వాడతారు. ఫైలు పంపితే ఈ కీ కూడా వెళుతుందా?

సమాధానం: పుస్తకాల డీటీపీ చేసేవాణ్ణి, విజయవాడ

వెళ్లదు. రైటర్ ఈ కీలను మీ కంప్యూటర్‌లోని యూజర్ ప్రొఫైల్‌లో దాస్తుందే తప్ప ఫైలులో పెట్టదు. వారికి కూడా కావాలంటే వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్ వరకూ వెళ్లి, అడుగున కీబోర్డ్ షార్ట్‌కట్స్ పక్కనున్న కస్టమైజ్ బటన్ నొక్కాలి. అక్కడ సేవ్ చేంజెస్ ఇన్ అనే చోట మామూలుగా నార్మల్ టెంప్లేట్ ఉంటుంది. దాని బదులు మీ ఫైలు పేరు ఎంచుకుంటే, ఆయన మిగతా పనులకు వాడే కీలు చెదరవు. వర్డ్‌లో కంట్రోల్+షిఫ్ట్+పి అక్షరాల సైజు మార్చడానికి ఉంది కాబట్టి, కీ ఎంపికను ఆయనకే వదిలేయండి.