పరిక్రమ ముగించే రోజున మామయ్య దగ్గరికి వెళ్లవచ్చా?

ప్రశ్న:
మా మేనమామ పదకొండేళ్ల కిందట సన్యాసం తీసుకున్నారు. మూడేళ్ల కిందట కార్తిక శుద్ధ ఏకాదశినాడు ఓంకారేశ్వర్‌లో సంకల్పం చెప్పుకొని నర్మదా పరిక్రమకు, అంటే నర్మదా నది చుట్టూ కాలినడకన ప్రదక్షిణకు, బయలుదేరారు. మూడేళ్ల మూడు నెలల పదమూడు రోజుల దీక్ష. ఫోను లేదు. మొన్న నర్మదాపురం సేఠానీ ఘాట్‌లో ఎవరినో ఫోను అడిగి అమ్మతో రెండు నిమిషాలు మాట్లాడారు. శివరాత్రికి ముందే ఓంకారేశ్వర్ చేరతారట. అమ్మ ఆయనకు చెల్లెలు. "రమ్మనలేదు, వద్దనీ అనలేదు" అంటూ సున్నుండలకు మినుములు వేయించడం మొదలుపెట్టింది. మేము వెళ్తే దీక్షకు భంగమా? ఎక్కడ ఎదురుచూడాలి? నాకు ఈత నేర్పింది ఆయనే. స్వామీజీ అనే మాట నోటికి రావడం లేదు.

జవాబు 1:
తప్పకుండా వెళ్లండి. నేను గృహస్థును, అయిదు నెలల్లో పరిక్రమ చేశాను. రెండు ఒడ్లూ కలిపి సుమారు 2,600 కిలోమీటర్లు. నదిని ఎప్పుడూ కుడివైపే ఉంచుకోవాలి, ఎక్కడా దాటకూడదు. అవతలి ఒడ్డుకు మారేది రెండే చోట్ల: సముద్ర సంగమం దగ్గర పడవలో, అమరకంటకంలో నది పుట్టుకను చుట్టి. ఓంకారేశ్వరుడి గుడి నది మధ్య ద్వీపంలో ఉంది, అందుకే మీరు అక్కడ ఎదురుచూస్తే లాభం లేదు. పరిక్రమ పూర్తయ్యేదాకా ఆయన వంతెన ఎక్కరు. దక్షిణపు ఒడ్డున, మమలేశ్వర్ గుడి వైపు గోముఖ ఘాట్‌లో ఉండండి. పరిక్రమ ముగిశాకే, ఇన్నాళ్లూ సీసాలో మోసుకొచ్చిన నర్మదా జలంతో ఓంకారేశ్వరుడి దగ్గరికి వెళ్తారు. ఆ వంతెన మీద ఆయన వెనక నడవడం మీ అమ్మగారికి దక్కితే అంతకంటే ఏం కావాలి!

ఖండ్వాలో రైలు దిగితే బస్సులుంటాయి. శివరాత్రి రద్దీ కాబట్టి గది ముందే చూసుకోండి.

జవాబు 2:
సన్యాసికి పూర్వాశ్రమ బంధుత్వాలు ఉండవు. "ఓం నమో నారాయణాయ" అని నమస్కరించండి. ఆయన "నారాయణ" అంటారు. దారిలో అందరూ అనేది "నర్మదే హర్". అది మీరూ అనవచ్చు, నోటికి సులువుగా వస్తుంది. డబ్బు, బట్టలు చేతిలో పెట్టకండి. మూడేళ్లూ ఊళ్లవాళ్లు సదావ్రతంగా ఇచ్చిన వంట సరుకులతో, దొరికిన భిక్షతో నడిచిన మనిషి.

జవాబు 1:
ఒక్క మాట మరిచాను. చివర కన్యాపూజ ఉంటుంది, హల్వా వండి నర్మదమ్మకు నివేదించి ఆడపిల్లలకు భోజనం పెడతారు. సన్యాసి దగ్గర దానికి డబ్బెక్కడిది? ఆ ఖర్చు మీ అమ్మగారు పెట్టుకోవచ్చునేమో ఆయననే అడగండి.

ప్రశ్న అడిగినవారు:
అమ్మకు చదివి వినిపించాను. కన్యాపూజ మాట వినగానే లేచి వెళ్లి పొయ్యి ఆర్పింది. కాసేపటికి మళ్లీ వెలిగించింది. సున్నుండలు ఆ పిల్లలకట.