2 కోట్ల మంది అడిగినా రాబర్ట్ ప్లాంట్ పాడనంటే అది పొగరా, పద్ధతా?

పాత_రికార్డు:
2007 నుంచీ నాకున్న కడుపుమంట ఇది. ఆ ఏడాది డిసెంబర్ 10న లండన్ ఓ2 అరీనాలో బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్లిన్ ఒకే ఒక్క రాత్రి వాయించింది. టికెట్ల కోసం ఆన్‌లైన్‌లో వచ్చిన దరఖాస్తులు 2 కోట్లంటారు. లోపల పట్టేది దాదాపు 20 వేల మంది! గిటార్ జిమ్మీ పేజ్ రెడీ, బేస్ జాన్ పాల్ జోన్స్ రెడీ, డ్రమ్స్‌కి చనిపోయిన జాన్ బోనమ్ కొడుకు జేసన్ రెడీ. ఆ తర్వాత టూర్‌కి రానన్నది గాయకుడు ప్లాంట్ ఒక్కడే. అన్నం పెట్టిన పాటల్ని వద్దనుకోవడం పొగరు కాక ఏంటి?

గోదారి_గట్టు:
పొగరెలా అవుద్దండీ? బోనమ్‌తో ఆయన స్నేహం జెప్లిన్ కంటే పాతది. 1980లో బోనమ్ పోయాడు, బ్యాండ్ ఆపేశారు. అంతకు మూడేళ్ల ముందు ప్లాంట్ అమెరికా టూర్‌లో ఉండగా, ఐదేళ్ల కొడుకు పోయాడని ఇంటి నుంచి ఫోన్. మిగతా టూర్ రద్దు. మనకి స్వర్ణయుగం అనిపించే రోజులే ఆయనకి ఇవి కూడా.

పాత_రికార్డు:
ఆ బాధ కాదనను. కానీ రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ 80 నిండాక కూడా 2024లో అమెరికా అంతా తిరిగి పాడాడు కదా?

సుధ_బర్మింగ్‌హామ్:
జాగర్ సంగతేమో గానీ బ్లాక్ సబ్బత్ గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ సంగతి చెప్తా. 2025 జులై 5న మా బర్మింగ్‌హామ్ విల్లా పార్క్ స్టేడియంలో ఆఖరి కచేరీ. నాకు టికెట్ దొరకలేదు, గోడ అవతల నిలబడి విన్నా. మనిషి నిలబడలేక సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. 17 రోజులకి పోయాడు. నా పక్కనున్న ముసలాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు. అలా పాడటం తప్పని ఎవరైనా అంటే నేనొప్పుకోను. అందరూ అలాగే పాడాలంటే అదీ ఒప్పుకోను.

ఆర్కెస్ట్రా_బాబాయ్:
26 ఏళ్లుగా పెళ్లిళ్లలో పాడుతున్నా, ఓ మాట చెప్పనివ్వండి. చీటీ వస్తుంది, ఎప్పుడూ అదే పాట. పాతికేళ్ల వయసులో అవలీలగా అందిన పై షడ్జం ఇప్పుడు అందదు. కీబోర్డు కుర్రాడికి రెండు వేళ్లు చూపిస్తా, ట్రాన్స్‌పోజ్ నొక్కి శృతి రెండు మెట్లు దించుతాడు. జనానికి తెలీదు, నాకు తెలుసు. ఓ2 రికార్డింగ్ చెవి పెట్టి వినండి, అక్కడా కొన్ని పాటలు కింది శృతిలోనే. ఒక రాత్రికైతే నడుస్తుంది. ఏడాది పొడుగునా రోజూ పాత గొంతుకి నకలు పాడటమంటే నరకం.

చార్మినార్_చాయ్:
మరి నువ్వైతే చీటీ రాంగనే పాడుతున్నవ్ కదా బాబాయ్?

ఆర్కెస్ట్రా_బాబాయ్:
నాకు ఆ రాత్రి కూలి కావాలి నాయనా. ఆయనకి అక్కర్లేదు.

గోదారి_గట్టు:
అసలు ఆయన పాటల్ని వదిలేశాడని ఎవరన్నారు? అదే 2007లో అమెరికన్ గాయని, ఫిడేలు కళాకారిణి ఆలిసన్ క్రౌస్‌తో చేసిన ఆల్బమ్‌కి 2009లో ఐదు గ్రామీలు. ఆమెతో టూర్లలో జెప్లిన్ పాటలూ పాడాడు, ఫిడేలు పెట్టి, నడక మార్చి. వద్దన్నది ఆ పాత వేషం ఒక్కటే.

పాత_రికార్డు:
సరే, ఇది చెప్పండి. జెప్లిన్ పాటల్లో అందరికీ తెలిసిన 'స్టెయిర్‌వే టు హెవెన్' అంటేనే విసుక్కునే మనిషి, 2023 అక్టోబర్‌లో క్యాన్సర్ నిధి కోసమని అదే పాట పాడాడు. అంటే గొంతుంది, మనసు పడితే పాడతాడు. మరి మనమేం పాపం చేశాం?

సుధ_బర్మింగ్‌హామ్:
మీరు అడిగారు, వాళ్లు నిధి పోగు చేశారు. తేడా లేదంటారా?

పాత_రికార్డు:
అడగడం కూడా తప్పేనా ఇప్పుడు?

ఆర్కెస్ట్రా_బాబాయ్:
అడగండి బాబూ, అడిగితేనే మా బతుకు. రేపు తణుకులో పెళ్లి, పొద్దున్నే వ్యాన్ ఎక్కాలి. ఆ చీటీ రేపూ వస్తుంది, రాసిపెట్టుకోండి.