12,400 సరుకులకి 222 క్యాష్‌బ్యాకే పడింది, లెక్క ఎక్కడ తప్పింది?

ప్రశ్న (మధురవాడ, విశాఖ)

నమస్కారమండి. నా కార్డుకి కిరాణా మీద 5 శాతం, మిగతా వాటి మీద 1 శాతం క్యాష్‌బ్యాక్. కిరాణా క్యాష్‌బ్యాక్‌కి నెలకి 500 గరిష్ఠం. స్టేట్‌మెంట్ ప్రతి నెలా 18న వస్తుంది. ఈ నెల బిల్లులు: సూపర్‌మార్కెట్‌లో 3,860, మాల్‌లోని పెద్ద స్టోర్‌లో బియ్యం, నూనెలకి 2,940, వీధి చివర కిరాణా కొట్లో రూపే కార్డుతో క్యూఆర్ స్కాన్ చేసి 2,100, డెలివరీ యాప్ వాలెట్‌లో వేసింది 1,500, 18వ తేదీ రాత్రి సూపర్‌మార్కెట్‌లోనే మళ్లీ 2,000. మొత్తం 12,400. 5 శాతం అంటే 620, పరిమితి పోను 500 అయినా రావాలి. వచ్చింది 222. బ్యాంకు తప్పా, నాదా? నెలనెలా సరిచూసుకునే పద్ధతి కూడా చెప్పండి.

జవాబు (సీతమ్మధార)

222 సరిగ్గానే పడిందండి. మొదటి బిల్లు 3,860కి 5 శాతం 193. మిగిలింది 29. మాల్ స్టోర్ 2,940కి 1 శాతం 29.40, పైసలు తీసేస్తే 29. రెండూ కలిపితే రూపాయి తేడా లేకుండా మీ 222. అంటే ఆ స్టోర్ కిరాణాగా పడలేదు, తక్కిన మూడు బిల్లులకి ఏమీ రాలేదు.

మనం బియ్యం కొన్నామా, బకెట్ కొన్నామా అన్నది బ్యాంకుకి తెలియదు. క్యాష్‌బ్యాక్‌కి అది చూసేది షాపుకిచ్చిన నాలుగంకెల ఎమ్‌సీసీ కోడ్, అంటే అది ఏ రకం షాపో చెప్పే అంకె. కిరాణా, సూపర్‌మార్కెట్‌లకి 5411. బట్టలు, గిన్నెలు, సరుకులు అన్నీ అమ్మే డిపార్ట్‌మెంట్ స్టోర్‌లకి 5311. ఈ కోడ్ పెట్టేది స్వైపింగ్ మెషిన్ ఇచ్చిన బ్యాంకు, మీ కార్డు బ్యాంకు కాదు. అందుకే ఒకే షాపులో రెండు బ్యాంకుల మెషిన్లుంటే ఒక కౌంటర్‌లో 5 శాతం, పక్క కౌంటర్‌లో 1 శాతం పడొచ్చు. స్లిప్ మీద టీఐడీ అని ఒక నంబర్ ఉంటుంది, అది మెషిన్ గుర్తు. 5 శాతం పడిన టీఐడీ చివరి నాలుగంకెలు రాసిపెట్టుకుని, తర్వాత కూడా ఆ కౌంటర్‌లోనే కట్టండి. స్లిప్ ఫొటో ఆ రోజే తీసుకోండి. అది థర్మల్ కాగితం, మన ఎండలకి పర్సులో నెల ఉంటే అక్షరాలు మాయమవుతాయి.

వాలెట్‌లో వేసిన 1,500 సాధారణంగా 6540 కోడ్ కింద పడుతుంది. ఆ వాలెట్‌తో తర్వాత పాలు కొన్నా, పెరుగు కొన్నా బ్యాంకు లెక్కలో అది వాలెట్ లోడే. యాప్‌లో ఆర్డర్ చేసేటప్పుడు నేరుగా కార్డు ఎంచుకోండి.

జవాబు (గోపాలపట్నం)

క్యూఆర్ సంగతి. రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలిపి కడితే చాలా కార్డులు క్యాష్‌బ్యాక్ ఇవ్వవు, లేదా తక్కువ రేటు ఇస్తాయి. నిబంధనల్లో మినహాయింపుల భాగంలో ‘యూపీఐ’ అన్న మాట వెతకండి. ఉంటే ఆ 2,100కి సున్నాయే.

కొట్టు కోడ్ ముందే చూసుకోవాలంటే ఆ క్యూఆర్‌ని యూపీఐ యాప్‌తో కాకుండా మామూలు స్కానర్‌తో స్కాన్ చేయండి. వచ్చే పొడుగాటి లైన్‌లో ‘ఎంసీ’ (mc) అన్న రెండు ఇంగ్లిష్ అక్షరాల పక్కన నాలుగంకెలుంటాయి. 5411 ఉంటే కిరాణా. 0000 ఉన్నా, అసలా అక్షరాలే లేకపోయినా చాలాసార్లు అది యజమాని సొంత ఖాతా క్యూఆర్, దాని మీద క్రెడిట్ కార్డు పనిచేయదు. కాబట్టి రైతుబజార్ కూరగాయల ఖర్చుని ఈ లెక్కలోకి తేకండి. దానికి నగదో, బ్యాంకు ఖాతా నుంచి యూపీఐయో చాలు.

ఇంకోటి. పూర్ణా మార్కెట్‌లాంటి చోట హోల్‌సేల్‌లో కొంటూ కార్డు గీకితే 2 శాతం అదనం అడిగారనుకోండి, 1 శాతం కోసం 2 శాతం వదులుకోవడం ఏటండీ!

మళ్లీ మధురవాడ

చూశానండి. మినహాయింపుల్లో యూపీఐ, వాలెట్ రెండూ ఉన్నాయి. 18 రాత్రి కట్టిన 2,000 మాత్రం స్టేట్‌మెంట్‌లోనే లేదు. యాప్‌లో 20వ తేదీ మీద కనిపిస్తోంది. నెలనెలా సరిచూసుకోవడానికి ఎక్సెల్ షీట్ ఎలా వేసుకోమంటారు?

జవాబు (సీతమ్మధార)

కార్డు గీకిన రోజు వేరు, ఖాతాలో పడిన రోజు వేరు. మధ్యలో ఒకటి నుంచి మూడు రోజులు ‘పెండింగ్’లో ఉంటుంది. ఆ 2,000 పోలేదు, వచ్చే స్టేట్‌మెంట్‌లో దానికి 100 వస్తుంది. కొన్ని కార్డులకి పరిమితి లెక్క స్టేట్‌మెంట్ నెల ప్రకారం, కొన్నిటికి క్యాలెండర్ నెల ప్రకారం. అది చూడకుండా షీట్ మొదలుపెడితే ప్రతి నెలా తేడా వస్తూనే ఉంటుంది.

షీట్‌లో ఎనిమిది గళ్లు చాలు: గీకిన తేదీ, పడిన తేదీ, షాపు, టీఐడీ చివరి అంకెలు, మొత్తం, రేటు, రావాల్సింది, వచ్చింది. ‘రావాల్సింది’ గడిలో ఒక్కో బిల్లుకి విడిగా లెక్కకట్టి పైసలు కొట్టేయండి (రౌండ్‌డౌన్ ఫార్ములా). కొన్ని కార్డులు ఇలాగే చేస్తాయి. నెల మొత్తం మీద ఒక్కసారే 5 శాతం వేస్తే అలాంటి కార్డులకి మీ అంకె బ్యాంకు అంకె కంటే కొన్ని రూపాయలు ఎక్కువ చూపించొచ్చు. మొత్తాలు కలిపేటప్పుడు ‘పడిన తేదీ’ 19 నుంచి 18 దాకా ఉన్నవే సమ్‌ఇఫ్స్‌తో (షరతుకి సరిపోయినవాటినే కలిపే ఫార్ములా) కలపండి. కిరాణా క్యాష్‌బ్యాక్ మొత్తాన్ని, 500ని మిన్ ఫార్ములాలో (రెండింట్లో చిన్నది తీసుకునేది) పెడితే పరిమితి దానంతటదే వర్తిస్తుంది.

షీట్ పైన ఒక గడి పెద్ద అక్షరాల్లో పెట్టుకోండి: 10,000లోంచి (5 శాతం లెక్కన 500 వచ్చే ఖర్చు) ఇప్పటిదాకా పడిన కిరాణా ఖర్చు తీసేస్తే మిగిలేది. అది సున్నా అయిన రోజు నుంచి ఇంకో కార్డు తీయండి. నా మటుకు షీట్‌లో అసలు పనికొచ్చే గడి ఇదొక్కటే, మిగతావన్నీ దీనికోసమే.

జవాబు (గాజువాక)

పాయింట్లిచ్చే కార్డున్నవాళ్లకి ఒక మాట. ‘ప్రతి 100కి’ అని ఉంటే 190 బిల్లుకి ఒక వందే లెక్క, 90 వృథా. అలాంటి బిల్లులు నాలుగైతే నాలుగు వందలకే పాయింట్లు. అదే 760 ఒకేసారి కొంటే ఏడు వందలకి వస్తాయి. పాయింట్ విలువ 25 పైసలైతే, వందకి ఒక పాయింట్ అంటే పావు శాతమే. ‘వచ్చింది’ గడిలో పాయింట్లు కాదు, రూపాయలు రాయండి.

వెనక్కిచ్చిన సరుకుల డబ్బు షీట్‌లో పాత బిల్లుని దిద్దకుండా, డబ్బు పడిన తేదీతో మైనస్‌గా కొత్త వరుసలో వేయండి. ఎందుకంటే, ఒక నెల 11,000 ఖర్చుపెట్టి 500 పరిమితి తాకారు. అందులో 800 సరుకు వెనక్కి వెళ్లి, డబ్బు వచ్చే స్టేట్‌మెంట్‌లో పడింది. నిజానికి ఖర్చు 10,200, 500 న్యాయంగా రావాల్సిందే. అయినా తర్వాతి నెల ఆ 800కి 5 శాతం, అంటే 40 కోసేయొచ్చు. పాత బిల్లు దిద్దేస్తే ఈ 40 ఎక్కడిదో అంతు దొరకదు. యాప్ వాళ్లు రిఫండ్‌ని తమ వాలెట్‌లో వేస్తే కార్డు బ్యాంకుకి తెలియదు, కోత ఉండదు.

బాకీ పూర్తిగా కట్టకపోతే ఈ లెక్కలన్నీ దండగ. 12,400ని ఒక్క నెల మోస్తే, 3.5 శాతం వడ్డీ 434, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపి 512. మీ 500 పోగా ఇంకా ఎదురు 12.

మళ్లీ మధురవాడ

5411 అని తెలిసిన షాపుకి కూడా 1 శాతమే వేస్తే ఎవరికి చెప్పాలి?

జవాబు (సీతమ్మధార)

ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ‘ఈ లావాదేవీ ఏ ఎమ్‌సీసీలో పడింది’ అని ఆ మాటలతోనే అడగండి. యాప్‌లో ఖర్చుల పక్కన కనిపించే ‘గ్రోసరీ’ బొమ్మని నమ్మకండి, అది వాళ్ల సొంత వర్గీకరణ. కోడ్ 5411 అనే చెబితే ఈమెయిల్ రాయండి: పడిన తేదీ, మొత్తం, స్టేట్‌మెంట్‌లోని రిఫరెన్స్ నంబర్, రావాల్సింది, వచ్చింది, నిబంధనల్లోని ఆ వాక్యం. ఫిర్యాదు నంబర్ దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, రుసుము లేదు.

మళ్లీ మధురవాడ

సంక్రాంతి నెలలో ఖర్చు 16,000 దాటుతుందండి. అప్పుడెలా?

జవాబు (గోపాలపట్నం)

మీ స్టేట్‌మెంట్ 18న కాబట్టి పండగ సరుకులన్నీ డిసెంబర్ 19 నుంచి జనవరి 18 దాకా ఒకే బిల్లులో పడతాయి. నిలవుండే నూనె, బెల్లం, పప్పులు ఓ 6,000వి డిసెంబర్ 14 లోపే కొనేయండి, పెండింగ్ తీరి డిసెంబర్ 18 స్టేట్‌మెంట్‌లో పడతాయి. ఆ నెల గడిలో 6,000 ఖాళీ ఉందో లేదో మాత్రం ముందు చూసుకోండి.